హైదరాబాద్ ఎండల్లో తిండి సంగతి: ఇంట్లో వండాలా, కర్రీ పాయింటా, ఆర్డర్ పెట్టాలా, హోటల్‌కి వెళ్లాలా?

మార్చి నెలాఖరు నుంచి జూన్‌లో వానలు పడేదాకా మన సిటీలో చాలా ఇళ్లల్లో ఇదే గొడవ. వండుదామంటే వంటగదిలో పది నిమిషాలు నిలబడలేం, తెప్పించుకుందామంటే కడుపు చెడుతుందేమోనని భయం, బయటికెళ్లి తిందామంటే ఎండకి గడప దాటబుద్ధి కాదు. చివరికి ఏదో ఒకటి కానిచ్చేస్తాం. నా ఉద్దేశంలో ఈ మూడు నెలలు తిండి ఎంచుకునే లెక్క మిగతా ఏడాదికి వేరుగా ఉండాలి. మామూలు రోజుల్లో రుచి, రేటు, దూరం చూసుకుంటే సరిపోతుంది. ఎండాకాలంలో మాత్రం ముందు చూడాల్సింది ఒక్కటే: అది వండి ఎంతసేపైంది, వండినప్పటి నుంచి మీ కంచంలోకి వచ్చేదాకా ఎక్కడుంది? ఇంటి వంటైనా, స్టార్ హోటల్ బఫే అయినా ఇదే కొలత. ఇంట్లో వండింది కాబట్టి మంచిదే, బయటిది కాబట్టి చెడ్డదే అనే మాట మే నెలలో నిలబడదు. పొద్దున ఏడింటికి వండి, స్టవ్ పక్కనే గిన్నె మీద మూత పెట్టి ఉంచి, రాత్రి తొమ్మిదింటికి తినే ఇంటి పప్పు కన్నా, పొయ్యి మీద నుంచి అప్పుడే దిగిన బండి మీద ఇడ్లీయే నయం.

దీని వెనకాల ఉన్న సంగతి అందరికీ తెలియాలి. వండిన పదార్థం 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ అందులో బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. మామూలుగా రెండు గంటలకి మించి బయట ఉంచొద్దంటారు, చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటకి తగ్గిపోతుంది. బయట 41, 42 ఉన్న రోజు ఏసీ లేని వంటగదిలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. అన్నం సంగతి ఇంకా జాగ్రత్త. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తాలూకు బీజాలుంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే ఫ్రైడ్ రైస్ చేసేద్దాంలే, వేడికి అన్నీ పోతాయిలే అనుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రాత్రే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమైతే చేసుకోండి, బయట ఉన్నదైతే పారేయండి. అన్నం పారేయాలంటే ప్రాణం ఒప్పదు, అందుకే ఈ కాలంలో కొలత తగ్గించి వండుకోవడమే మంచిది.

ఇంట్లో వండితే

నా ఓటు రోజువారీ తిండికి ఇంటి వంటకే, కాకపోతే పద్ధతి మార్చాలి. మధ్యాహ్నం పదకొండున్నరకి స్టవ్ ముందు నిలబడి చెమటలు కక్కుకుంటూ నాలుగు రకాలు చేయడం ఎవరికోసం? ఆ పని చేసేది మన ఇళ్లల్లో ఎక్కువగా ఆడవాళ్లే, వాళ్లకి ఆ వేడిలో కళ్లు తిరిగి పడిపోయినా "ఎండ కదా" అని వదిలేస్తున్నాం. కూర, పప్పు పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపు అయిపోవాలి. అన్నం మాత్రం తినే ముందు ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పెట్టుకోండి. ఆ కుక్కర్ వంటగదిలోనే ఉండాలని రూలేం లేదు, వాష్ ఏరియాలో ప్లగ్ పాయింట్ ఉంటే అక్కడ పెట్టండి, ఆవిరంతా బయటికే పోతుంది. మధ్యాహ్నానికి, రాత్రికి కావాల్సిన కూర, పప్పు పొద్దునే వేర్వేరు గిన్నెల్లోకి తీసి, కాస్త చల్లారగానే ఫ్రిజ్‌లోకి తోసేయాలి. పెద్ద గిన్నెలో నిండా ఉన్న పప్పు లోపల చల్లబడటానికి గంటలు పడుతుంది, అదే వెడల్పాటి పళ్లెం లాంటి డబ్బాల్లో పలచగా పోస్తే తొందరగా చల్లబడుతుంది. మధ్యాహ్నం అందరూ గరిటె పెట్టి వడ్డించుకున్నాక మిగిలినదాన్ని రాత్రికి దాచడం వేరు, పొద్దునే ముట్టుకోకుండా తీసి పెట్టడం వేరు. ఈ రెండోదే పనికొస్తుంది.

గ్యాసా, ఇండక్షనా? ఎండాకాలానికి ఇండక్షన్ అనే నేనంటాను. గ్యాస్ మంటలో సగం వేడి గిన్నె పక్కల నుంచి గదిలోకే పోతుంది, ఇండక్షన్‌లో గిన్నె మాత్రమే వేడెక్కుతుంది. దానికన్నా పెద్ద లాభం ఒకటుంది: గ్యాస్ మీద వండేటప్పుడు మంట ఆరిపోతుందని ఫ్యాన్ ఆపేస్తాం, ఇండక్షన్ అయితే ఫ్యాన్ ఫుల్‌గా పెట్టుకుని వండొచ్చు. ఒక్క ఈ తేడాకే కొనొచ్చు. అయితే మీ పాత అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు, అడుగు సమంగా ఉన్న స్టీలు, ఇనుప గిన్నెలు కావాలి. మా ఇంట్లో పప్పు, చారు, పాలు ఇండక్షన్ మీద, తాలింపులు, దోసెలు గ్యాస్ మీద. కరెంటు పోయే ఏరియా అయితే గ్యాస్‌ని పూర్తిగా మానేయకండి.

ఇక ఏం వండాలి అనేదానికి లెక్క స్టవ్ ఎంతసేపు వెలగాలి అని. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దోసకాయ నీళ్లున్న కూరగాయలు, చిటికెలో మగ్గిపోతాయి, పైగా ఈ కాలంలో కడుపుకి హాయి. గుత్తి వంకాయ, దుంపల వేపుళ్లు, పూరీలు వానాకాలానికి వాయిదా వేయండి. కందిపప్పు ముందు అరగంట నానబెడితే కుక్కర్ కూతలు తగ్గుతాయి, పెసరపప్పు అయితే ఇంకా తొందరగా ఉడుకుతుంది. మామిడికాయ పప్పు, ఏప్రిల్లో దొరికే చింతచిగురు పప్పు, గంగవాయిలి కూర పప్పు (ఆంధ్ర వైపు పావిలికూర అంటారు) వారంలో తలా ఒక రోజు పెట్టుకుంటే బోరు కొట్టదు. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి రైతు బజార్లకి పొద్దున్నే వెళ్తే ఈ ఆకుకూరలు వాడిపోకుండా దొరుకుతాయి, పదింటి తర్వాత వెళ్లడం దండగ.

అన్నిటికన్నా పైన పెట్టేది పచ్చి పులుసు. తెలంగాణ ఇళ్లల్లో ఎండాకాలం దీన్ని మించింది లేదు, ఇది తెలియని ఆంధ్ర స్నేహితులకి చేసిపెడితే మళ్లీ మళ్లీ అడుగుతారు. నలుగురికి నిమ్మకాయంత చింతపండు తాగే నీళ్లలో అరగంట నానేసి, పిసికి, వడగట్టి, మూడు గ్లాసుల నీళ్లు పోయండి. ఇంకో గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, మంట మీద మచ్చలు పడేలా కాల్చిన రెండు మూడు పచ్చిమిరపకాయలు, ఉప్పు, కొత్తిమీర వేసి చేత్తో గట్టిగా నలపండి. ఉల్లిగడ్డలో నీరు బయటికొచ్చి వేళ్లు తడిసేదాకా నలపాలి, అక్కడే రుచంతా ఉంది, చాలామంది ఇక్కడ తొందరపడి చెంచాతో కలిపేసి ఊరుకుంటారు. అందులో పులుసు పోసి, చిన్న బెల్లం ముక్క, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టండి. మొత్తం మీద స్టవ్ వెలిగేది నాలుగైదు నిమిషాలు. ముద్దపప్పు, పచ్చి పులుసు, పక్కన వడియాలు ఉంటే కూర అక్కర్లేదు. కాకపోతే ఇది కాచనిది, పచ్చి ఉల్లిగడ్డ వేసింది, కాబట్టి ఆ పూటకి చేసుకుని ఆ పూటే అయిపోగొట్టాలి. ఆంధ్ర వైపు మజ్జిగ చారు కూడా ఇంచుమించు ఇలాంటిదే, పెరుగు చిలికి తాలింపు పెట్టేయడమే.

ఆఫీసుకి బాక్స్ తీసుకెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. పొద్దున ఎనిమిదింటికి కట్టిన బాక్స్ ఒంటిగంటకి తెరుస్తారు, ఆ ఐదు గంటలు బైకు డిక్కీలోనో, ఎండలో ఆగిన కారులోనో ఉండకూడదు, మీతోపాటే లోపలికి తీసుకెళ్లండి, ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి. పులిహోర, నిమ్మకాయ అన్నం, మామిడికాయ పులిహోర పులుపు వల్ల కాస్త ఆగుతాయి. కొబ్బరి వేసినవి, పనీర్ కూరలు, బంగాళదుంప ముద్దకూర బాక్స్‌కి వద్దు. వేడివేడిగా పెట్టి మూత బిగించకండి, ఆవిరి నీరై అడుగున చేరి పాడుచేస్తుంది. పెరుగన్నం కావాలంటే అన్నం మెత్తగా పిసికి చల్లార్చి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి పెట్టండి. మధ్యాహ్నానికి అది బాక్స్‌లోనే తోడుకుని కమ్మగా ఉంటుంది. పొద్దునే పెరుగంతా పోసి కలిపితే ఒంటిగంటకి నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా అవుతుంది.

పెరుగు గురించి కూడా: ఈ కాలంలో నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. రాత్రి పదింటికి తోడేసి పొద్దున ఏడింటికి చూస్తే పులిసిపోకేం చేస్తుంది? తోడు తగ్గించండి, లేదా సాయంత్రమే తోడేసి, గడ్డకట్టగానే పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టేయండి. దోసె పిండి కూడా అంతే, రాత్రంతా బయట అక్కర్లేదు.

కర్రీ పాయింట్

బ్యాచిలర్స్‌కి, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకి హైదరాబాద్‌లో కర్రీ పాయింట్ పెద్ద దిక్కు. అన్నం ఇంట్లో పెట్టుకుని, ఒక కూర, ఒక పప్పు, ఒక సాంబారు ప్యాకెట్ తెచ్చుకుంటే ఇద్దరికి సరిపోతుంది, యాప్‌లో ఒక బిర్యానీకి అయ్యే ఖర్చు కూడా కాదు. నేను దీన్ని ఆర్డర్ పెట్టడం కన్నా పైనే పెడతాను, ఎందుకంటే ఇక్కడ కళ్లతో చూసి కొనుక్కోవచ్చు. కానీ ఎప్పుడు కొంటున్నారనేది చూసుకోండి. మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నర మధ్య వెళ్తే అప్పుడే వంట దిగి ఉంటుంది. సాయంత్రం ఏడింటికి వెళ్తే మొదట అడగాల్సింది "అన్నా, ఇది ఇప్పుడు చేసిందా, మధ్యాహ్నందా?" అని. మొహమాటపడకండి, మంచి కర్రీ పాయింట్ వాళ్లు చెప్పేస్తారు, "పప్పు పొద్దుటిది, టమాటా ఇప్పుడే దించాం, అది తీసుకోండి" అని. మా పాత ఇంటి దగ్గర ఒకచోట రాత్రి తెచ్చిన టమాటా పప్పు ఇంటికొచ్చి ప్యాకెట్ విప్పితే పుల్లటి వాసన, పైన చిన్న చిన్న బుడగలు. టమాటా పులుపు, చెడిపోయిన పులుపు రెండూ వేరని ముక్కుకి వెంటనే తెలిసిపోతుంది, తెలిశాక ఆలోచించకుండా పారేయాలి.

అక్కడ ఏది కొనాలి? బెండకాయ, దొండకాయ, కాకరకాయ వేపుళ్లు, తడి లేనివి, మొదటి ఎంపిక. తర్వాత చింతపండు పులుసులు. సాంబారు, రసం పొగలు కక్కుతుంటేనే తీసుకోండి, గోరువెచ్చగా ఉన్నాయంటే పొయ్యి ఆపి చాలాసేపైందని అర్థం. పెరుగు పచ్చడి, కొబ్బరి కుర్మా, పనీర్, గుడ్డు కూర ఎండాకాలంలో అక్కడ కొనకపోవడమే మంచిది. ఇంటికి తెచ్చాక ప్యాకెట్‌లోనే వదిలేయకుండా గిన్నెలోకి వంపి, వెంటనే తినకపోతే ఒకసారి బాగా మరిగించండి. మిగిలింది మర్నాటికి దాచకండి, దాని వయసు మీకు తెలీదు.

టిఫిన్ సెంటర్ పొద్దున ఎనిమిదిలోపు అయితే నాకు ఏ అభ్యంతరం లేదు. ఇడ్లీ ఆవిరి మీద ఉడికి మీ ముందే దిగుతుంది, అంతకన్నా సేఫ్ తిండి బయట దొరకదు. తంటా అంతా చట్నీతోనే. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ తెల్లారుజామున రుబ్బి, పల్చన చేయడానికి మధ్య మధ్యలో నీళ్లు కలుపుతూ పదకొండింటిదాకా నడిపిస్తారు. అందుకని పదింటికి వెళ్తే ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి అడగండి, లేదా అల్లం చట్నీ. పొద్దున్నే వెళ్తే చట్నీ నిశ్చింతగా వేయించుకోండి.

యాప్‌లో ఆర్డర్ పెడితే

మిట్టమధ్యాహ్నం ఆర్డర్ నా లిస్టులో అన్నిటికన్నా అడుగున ఉంటుంది. స్విగ్గీ, జొమాటో ఏదైనా సరే, వంట ఎప్పుడైందో తెలియదు, ప్యాకింగ్ అయ్యి కౌంటర్ మీద ఎంతసేపు కూర్చుందో తెలియదు, ఆ తర్వాత ఎండలో బండి మీద ప్రయాణం. చాలా ఐటమ్స్‌కి హోటల్లో ఉన్న రేటు కన్నా యాప్‌లో ఎక్కువ. దీనికి తోడు మే నెల ఒంటిగంటకి, తారు రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకుని బండి నడిపే కుర్రాడి సంగతి కూడా ఆలోచించాలి. ఒంట్లో బాగోలేక, తప్పనిసరై పెడితే అది వేరు. ఊరికే బద్ధకానికి పెట్టేదైతే సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి, హోటళ్లలో రాత్రి వంట అప్పుడే మొదలవుతుంది, రోడ్డూ కాస్త చల్లబడుతుంది. వచ్చిన కుర్రాడికి ఒక గ్లాసు చల్లటి నీళ్లివ్వండి, లిఫ్ట్ వాడుకోనివ్వని అపార్ట్‌మెంట్ అయితే మీటింగ్‌లో అడిగి ఆ రూల్ మార్పించండి.

పెట్టేటప్పుడు దగ్గరున్న హోటల్‌కే పెట్టండి, మూడు కిలోమీటర్లు దాటితే వద్దు. యాప్‌లో హోటల్ పేజీ కిందకి జరిపితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి బిల్లుల మీద కూడా అది వేయాలని నిబంధన. నంబరు ఉన్నంత మాత్రాన వంటగది శుభ్రంగా ఉందని కాదు, కానీ ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికి ఆధారం అదే. బిర్యానీ, రోటీ, తందూరీ లాంటివి ప్రయాణాన్ని కాస్త తట్టుకుంటాయి. షవర్మా, మోమోలు, శాండ్‌విచ్‌లు, వాటి పక్కన వచ్చే తెల్లటి సాస్‌లు ఎండలో వద్దే వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది, అంతకుముందు సిటీలో మనుషులు ఆసుపత్రుల పాలయ్యాకే ఆ నిర్ణయం వచ్చింది. ఆ సాస్ లేకుండా తినలేని వంటకం అయితే ఎండాకాలంలో అది మానేసినా నష్టం లేదు.

హోటల్‌కి వెళ్తే

మధ్యాహ్నం ఏసీలో కూర్చుని చల్లగా తినొచ్చని బఫేకి వెళ్తాం. పన్నెండున్నరకి తెరవగానే వెళ్లగలిగితే వెళ్లండి, అప్పుడు బాగానే ఉంటుంది. రెండున్నరకి వెళ్తే అదే డబ్బు కట్టి, పన్నెండు నుంచి ఉన్న సలాడ్లు, పెరుగు వడలు, కోసిపెట్టిన పండ్లు తింటాం. వేడి పదార్థాల కింద దీపం వెలుగుతోందా, గరిటె పెడితే పొగ వస్తోందా చూడండి. చల్లగా ఉండాల్సినవి నిజంగా చల్లగా ఉండాలి, వేడిగా ఉండాల్సినవి నిజంగా వేడిగా ఉండాలి, మధ్యరకంగా ఉన్నవాటిని దాటేయండి. నలుగురి కుటుంబమైతే నాకు బఫే కన్నా మెనూ చూసి నాలుగు రకాలు చెప్పుకోవడమే ఇష్టం, వేడిగా వస్తాయి, వృథా కాదు. ఎక్కువ తినిపించే బఫే తర్వాత ఎండలో ఇంటికి చేరడం పెద్దవాళ్లకి చాలా కష్టం.

ఆంధ్ర భోజనం హోటళ్లు మధ్యాహ్నానికి నా మొదటి ఎంపిక. రద్దీ ఎక్కువ ఉన్న చోట అన్నం, పప్పు, సాంబారు గిన్నెలు ఖాళీ అవుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, అంటే వంట వయసు తక్కువ. జనం లేని ఖాళీ హోటల్ ఎంత అందంగా ఉన్నా ఎండాకాలంలో నేను వెళ్లను. బిర్యానీ కూడా అంతే, హండీ తెరిచే టైముకి వెళ్లాలి. మధ్యాహ్నం బాగా నడిచే చోట పన్నెండున్నర, ఒంటిగంట మధ్య, రాత్రి అయితే ఏడున్నర, ఎనిమిది. రాత్రి పదకొండున్నరకి దొరికేది ఎప్పుడు దమ్ అయిందో అడిగినా ఎవరూ చెప్పలేరు.

కుటుంబంతో బయట తినడానికి మేలో మంచి టైము రాత్రి ఏడున్నర. మోజంజాహీ మార్కెట్ దగ్గర పండ్ల ఐస్‌క్రీమ్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లు భోజనం తక్కువ చేసి వెళ్లండి, మామిడి పండ్ల సీజన్లో అక్కడి మ్యాంగో ఐస్‌క్రీమ్ తినకుండా ఎండాకాలం గడిచిందనిపించదు. హలీం గురించి అడిగేవాళ్లుంటారు: 2018, 2019లో రంజాన్ మే నెలలో వచ్చింది కాబట్టి హలీం అంటే మండుటెండలే గుర్తొచ్చేవి, ఏటా పది, పదకొండు రోజుల చొప్పున ముందుకి జరుగుతూ ఇప్పుడది చలి తగ్గే రోజుల్లోకి వచ్చేసింది. హాయిగా తినండి, అంత నెయ్యి, మాంసం, గోధుమ అరగడానికి ఇదే మంచి వాతావరణం.

పండ్లు, నీళ్లు, తాగేవి

కోసిన పుచ్చకాయ ముక్కలా, కాయా? కాయే. ఎండలో రోడ్డు పక్కన కోసి, ఈగలు వాలకుండా ప్లాస్టిక్ కప్పి పెట్టిన ముక్కలు ఎంత ఎర్రగా ఊరించినా వద్దు. ఒక్కరే ఉంటే చిన్న కాయలు దొరుకుతాయి, తెచ్చి పైన కడిగి కోయండి. ముంజలు, కొబ్బరి బొండాం అయితే బయట నిశ్చింతగా తాగొచ్చు, తినొచ్చు, మన ముందే కొడతారు, లోపలిది ఎవరి చెయ్యీ తగలంది. ముంజలు ఏప్రిల్, మేలో లేతగా ఉన్నప్పుడే, గట్టిపడ్డాక కడుపునొప్పి తెచ్చుకోవడమే. చెరకు రసం ఐస్ లేకుండా అడగండి, ఎందుకంటే ఆ ఐస్ ఏ నీళ్లతో చేశారో, ఏ గోనెసంచిలో వచ్చిందో మనకి తెలియదు. ఐస్ మాటే ఏ జ్యూస్ బండి దగ్గరైనా వర్తిస్తుంది.

నీరా తాగి చూడనివాళ్లు ఒకసారి చూడండి, 2023లో నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వమే దానికోసం ఒక కేఫ్ పెట్టింది. తెల్లవారకముందే తీసి చల్లగా ఉంచితేనే అది నీరా, వేడి తగిలితే గంటల్లో పులిసి కల్లవుతుంది, కాబట్టి చల్లగా లేని నీరా కొనకండి.

కుండ నీళ్లా, ఫ్రిజ్ నీళ్లా అంటే హైదరాబాద్‌లో నిస్సందేహంగా కుండే. మన దగ్గర వేడి పొడిగా ఉంటుంది, కుండ గోడల్లోంచి నీరు చెమర్చి, గాలికి ఆరుతూ లోపలి నీళ్లని చల్లబరుస్తుంది. విజయవాడ, విశాఖలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అదే కుండ అంత చల్లబరచదు, అక్కడి చుట్టాలు మన రంజన్ నీళ్లు తాగి ఆశ్చర్యపోయేది అందుకే. కొత్తది తేగానే ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి. లోపల సబ్బు పెట్టకండి, మట్టి దాన్ని పీల్చుకుంటుంది, కొబ్బరి పీచుతో రుద్ది ఎండలో ఆరబెట్టండి. కిటికీ దగ్గర, గాలి తగిలేచోట, ఇసుక మీద పెట్టి చుట్టూ తడిగుడ్డ చుడితే చాలు. వారానికి రెండుసార్లయినా కడగాలి, ముంచుకునే గ్లాసు కన్నా కుళాయి ఉన్న రంజన్ మేలు, పది చేతులు అందులో పడవు.

మామిడిపండ్లకి ఈ నగరంలో ఎవరి పట్టింపు వాళ్లది. రోజూ తినడానికి, ఇంటిల్లిపాదికీ పంచడానికి బంగినపల్లి (పండ్ల బండి దగ్గర బేనీషాన్ అంటారు), ఏప్రిల్ చివర నుంచి మే అంతా బాగుంటుంది, 2017లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఎవరింటికైనా తీసుకెళ్లడానికి, లేదా ఒక్క పండు అయినా గొప్పగా ఉండాలనుకుంటే హిమాయత్, రేటు ఎక్కువే కానీ ఆ రుచి దేనికీ రాదు. పిల్లలు జుర్రుకోవడానికి చిన్న రసాలు, పెద్ద రసాలు. పచ్చిగా ఉప్పూకారం అద్దుకుని తినడానికి తోతాపురి. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం, ఇథిలీన్ వాయువుతో పరిమితి మేరకు మాగబెట్టడానికి మాత్రం అనుమతి ఉంది. చూడగానే కనిపెట్టడం కష్టమే, అయినా ఏప్రిల్ మొదట్లోనే పెట్టెడు పండ్లు ఒకే రంగులో మెరుస్తూ, తొడిమ దగ్గర ఏ వాసనా లేకపోతే నేను కొనను. దోరకాయలు తెచ్చి, గడ్డిలోనో పాత పేపర్లలోనో చుట్టి నాలుగైదు రోజులు ఆగితే ఏ టెన్షనూ ఉండదు. తినేముందు ఒక గంట నీళ్లలో వేయండి.

తాగేవాటిలో పల్చటి మజ్జిగ మొదటిది: ఒక వంతు పెరుగుకి నాలుగు వంతుల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, నలిపిన నిమ్మాకు ఉంటే ఇంకా బాగు. బయటికెళ్లేవాళ్లు పొద్దున రాగి అంబలిలో మజ్జిగ కలిపి తాగి వెళ్తే మధ్యాహ్నందాకా నీరసం రాదు. నిమ్మకాయ నీళ్లలో చక్కెరతోపాటు ఉప్పు వేయడం మరిచిపోకండి. కూల్‌డ్రింకులు దాహం తీర్చవు, చక్కెర మాత్రం దండిగా లోపలికి పంపుతాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి చెరకు రసం, ప్యాకెట్ మ్యాంగో జ్యూస్ ఇవ్వకండి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మజ్జిగలో ఉప్పు ఎంత వేసుకోవచ్చో డాక్టర్‌ని అడగండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా వాంతులు, విరేచనాలు మొదలైతే మెడికల్ షాపులో అట్టపెట్టె డ్రింకు కాదు, ఓఆర్‌ఎస్ (ఒంట్లోంచి పోయిన నీళ్లని, లవణాల్ని భర్తీ చేసేది) పొడి ప్యాకెట్ అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, వీటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండాలి. ఆ లెక్కకి దగ్గరగా కూడా లేకుండా, చక్కెర ఎక్కువ కలిపిన పండ్ల రుచుల డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ డ్రింకు తాగిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమని రాసి ఉంటే అంతలోనే, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి, కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. పసిపిల్లలైనా, మనిషి మగతగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో చూద్దాంలే అనకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.